వెనకొచ్చిన బాక్సులు

నేను ఒక వ్యానుకి ముందు తలుపు స్పీకర్ని. 'ముందు' అన్న మాటని కాస్త నొక్కి చెబుతున్నాను, ఏమీ అనుకోకండి. నా ఏడుపంతా వెనకవాళ్ల మీదే. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మీ పెద్దలు ఊరికే అనలేదు. కాకపోతే ఆ మాట అన్నవాళ్లు చెవుల పక్షాన నిలబడి ఒక్క ముక్కయినా మాట్లాడలేదు. ఆ పని ఇవాళ నేను చేస్తాను.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికేమీ లేదు. ఒక కాగితపు గరాటు, దాని మొదట్లో సన్నటి రాగితీగ చుట్ట, వెనక ఒక అయస్కాంతం, చుట్టూ రేకు చట్రం. తీగలోకి కరెంటు వస్తే గరాటు ముందుకి తోస్తుంది, వెనక్కి లాక్కుంటుంది. ఆ తోయడం లాక్కోవడాన్నే మీరు పాటంటారు, ప్రసంగమంటారు, దేవుడి స్తోత్రమంటారు. నాకు మాత్రం అన్నీ ఒకే చాకిరీ.

నేనూ, నా జంటా ఒకే అట్టపెట్టెలో విశాఖపట్నం వచ్చాం. యాత్రలు తిప్పే ఒక పెద్దమనిషి మమ్మల్ని కొని తన వ్యాను తలుపులకి బిగించాడు, నన్ను ఎడమ తలుపుకి, దాన్ని డ్రైవరు వైపు తలుపుకి. అరసవల్లి గుడికి వెళ్లేటప్పుడు సుప్రభాతం, తిరిగొచ్చేటప్పుడు రికార్డు డాన్సు పాటలు. పొద్దున నా ముందు చేతులు జోడించిన ఆసామే సాయంత్రానికి సీట్ల మధ్య ఎగిరేవాడు. ఆ తర్వాత వ్యాను ఒక రాజకీయ నాయకుడి అనుచరుడి చేతిలో పడింది. ఒకే ప్రసంగాన్ని ఊరూరా అరిచి అరిచి నా గరాటు అంచు కాస్త వదులైంది. ఎన్నికలయ్యాక ఆ నాయకుడు పార్టీ మారాడు. కొత్త పార్టీ ప్రసంగాన్నీ నా చేతే అరిపించాడు. ఎవరు తోస్తే అటు తోసే జాతి మాది.

చివరికి వ్యాను పలాస చేరింది. తవిటినాయుడు కొన్నాడు. అప్పటికే నా జంట పోయింది. ఒక తుఫాను రోజు డ్రైవరు అద్దం దించి మరిచిపోతే, రాత్రంతా కురిసిన వానకి తడిసి గరాటు పేలికలైపోయింది. అందుకని ముందు భాగానికంతటికీ నేనొక్కదాన్నే దిక్కు. దాని మీద జాలిపడ్డానా అంటే, పడ్డాను. ఒంటరిగా మిగిలినందుకు కాస్త సంతోషించానా అంటే, అదీ నిజమే.

పలాసంటే జీడిపప్పు. తవిటినాయుడు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లని పొద్దున్నే ఎక్కించుకుని జీడి ఫ్యాక్టరీ దగ్గర దింపి, పని అయ్యాక ఇళ్లకి చేరుస్తాడు. పిక్కలు కొట్టేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు, పప్పు ఏరేవాళ్లు అంతా ఒక జట్టు. ఆ జట్టుకి మేస్త్రమ్మ దాలమ్మ. నడి వయసు దాటిన మనిషి, పెద్ద బొట్టు, పెద్ద గొంతు. ముందు సీటు ఆమెది. ఆ సీట్లో ఇంకెవరైనా కూర్చోవడం నేను చూడలేదు. ఒకసారి తవిటినాయుడి బావమరిది కూర్చోబోతే, "ఏటి బావూ, పెల్లిపీట అనుకున్నావేటి? లెగు" అంది. లేచాడు.

సీట్లో కూర్చోగానే దాలమ్మ ఎడమ చెయ్యి నా మీద పెట్టేది. నా జల్లెడ మూత మీద అరచేతిని పూర్తిగా పరిచేది. జీడి రసానికి ఆ వేళ్ల కొసలు నల్లబడి, పైపొర ఊడి, మళ్లీ వచ్చి, మొద్దుబారిపోయి ఉండేవి. జట్టులో వాళ్లు అది మేస్త్రమ్మ దర్జా అనుకున్నారు. తలుపు మీద చెయ్యి వేసుకుని జమీందారులా కూర్చుంటుందని వెనకాల నవ్వుకునేవాళ్లు.

అసలు సంగతి నాకు తెలుసు. దాలమ్మకి కుడి చెవి చిన్నప్పుడే పోయింది. ఎడమ చెవి సగమే పనిచేస్తుంది. ఇంజన్ రొదలో ఆ సగం కూడా సరిపోదు. పాట మొదలైందో లేదో ఆమెకి ముందు అరచెయ్యి చెప్పేది. చేతికి అదురు తగలగానే తల కొంచెం నా వైపు వంచేది. అప్పుడు మిగిలింది చెవికి అందేది. అందగానే గొంతు కలిపేది. బాగా పాడేది కూడా, నా ముందు ఎన్ని గొంతులు పాడాయో లెక్కపెట్టి చెబుతున్నాను.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కారణముంది. ఒకప్పుడు అదే జట్టులో సరిగ్గా వినపడని ముసలామె ఒకామె ఉండేదట. ఆమెకి 'చెవిటిమేళం' అని పేరు పెట్టింది ఎవరో కాదు, దాలమ్మే. ఆ పేరు ఫ్యాక్టరీ అంతా పాకింది. గుమాస్తా దగ్గర్నించి గేటు మనిషి దాకా అందరూ అదే పిలుపు. చివరికి ఆ ముసలామె పని మానేసింది. ఇప్పుడు అదే పేరు తన నెత్తిన పడుతుందని దాలమ్మ భయం. ఆ ముసలామె కథని ఒకసారి తవిటినాయుడితో నవ్వుతూ చెబుతున్నప్పుడు ఆమె చెయ్యి నా మీదే ఉంది. నోరు నవ్వుతోంది గానీ, చెయ్యి నవ్వలేదు.

లోకంలో ఇంత మంది ఉండగా ఒక మనిషి తన రహస్యాన్ని నా ఒక్కదాని దగ్గర దాచుకుంది. ఒక స్పీకరుకి ఇంతకంటే ఏం కావాలి? నేను పొంగిపోయాను. ఆ పొంగులోనే నా పతనం ఉందని అప్పుడు తెలియలేదు.

గొడవ పుణ్యవతితో మొదలైంది. కొత్తగా పెళ్లై ఆ ఊరు వచ్చిన పిల్ల. పొట్టు తీయడంలో ఎంత చురుకో మాట విసరడంలో అంత చురుకు. ఆమె చోటు చివరి వరస. అక్కడికి నా గొంతు చేరేసరికి సగం ఇంజన్‌కి, సగం మనుషుల కబుర్లకి ఖర్చయిపోయేది.

"ఓ నాయుడుబావూ! ముందోల్లకి పెల్లి పాటలు, యెనకోల్లకి ఇంజను పాటలా? మామూ కూలికెల్తున్నాం గానీ కాటికెల్తన్నామేటి?" అని ఒక రోజు అరిచింది.

వ్యానంతా నవ్వింది. ఆ మర్నాడు ఇంకొకామె అంది. ఆపై వారం మధ్య వరసవాళ్లూ అన్నారు. పక్క ఊరి జట్టుని తిప్పే వ్యానులో ఈ మూల నుంచి ఆ మూల దాకా పాటలేనట, అందులో పోయేవాళ్లు దార్లో కనపడితే వీళ్లకేసి చేతులూపి వెక్కిరిస్తున్నారట. తవిటినాయుడి గుండెలో రాయి పడింది. జట్టు ఆ వ్యానెక్కేస్తే అతని బతుకు బస్టాండే.

"బాక్సులు యేయించెత్తానే అమ్మా, నోరు మూసుకోండి" అన్నాడు. బాక్సులంటే మా స్పీకర్ల జాతే.

దాలమ్మకి ఒళ్లు మండింది. "పాటలింటే పప్పు ఏరుతాదేటి? ఉన్న బాక్సు సాల్దా?" అని ఎగిరింది. ఎవరూ లెక్కచేయలేదు. మేస్త్రమ్మకి పాట పక్కనే ఉంది కాబట్టి అలా అంటోందని అనుకున్నారు. నేను మాత్రం ఆమె వైపు గట్టిగా అదిరాను. మా ఇద్దరిదీ ఒకే కడుపుమంట.

ఒక శుక్రవారం పని దిగాక వ్యాను పలాస పక్కనున్న కాశీబుగ్గలో కూర్మారావు కొట్టు ముందు ఆగింది. కూర్మారావు బళ్లకి లైట్లు, హారన్లు, బాక్సులు బిగించే మనిషి. కొత్త బాక్సులు అట్టపెట్టెలోంచి బయటికొచ్చాయి. రెండు. కోలగా ఉన్నాయి, నా కంటే వెడల్పు. నల్లటి నిగనిగలాడే గరాట్లు, చుట్టూ రబ్బరు అంచు. మధ్యలో వెండి రంగు బుడిపె ఒకటి, దాని పనేమిటో దానికే తెలియదు. ఆడవాళ్లంతా మూగి పసిపిల్లల్ని చూసినట్టు చూశారు. "ఎంత ముద్దుగున్నాయో!" అంది ఒకామె. ఇన్నేళ్లలో నన్నెవరూ ముద్దుగా ఉన్నావనలేదు. నా జల్లెడ మీద ఉన్నది దుమ్మూ, దాలమ్మ చేతి నల్లటి మచ్చా.

"కొత్త వొస్తువు, పసుపూ కుంకం యెట్టకుండా బిగించకు బావూ" అన్నారు ఆడవాళ్లు. పెట్టాల్సిందెవరు? జట్టుకి పెద్ద ముత్తయిదువ దాలమ్మే. పళ్లెం, కొత్త బాక్సులు తెచ్చి ముందు సీట్లో ఆమె ఒళ్లో పెట్టారు. నా పక్కనే. నా కళ్లెదుట. సవతి పిల్లకి హారతివ్వమన్నట్టుంది ఆమె మొహం. కానీ శుభం దగ్గర కోపం చూపించే మనిషి కాదు. మూతి ముడుచుకునే పసుపు తీసింది.

ఇక్కడ మా శరీరం గురించి ఒక్క ముక్క చెప్పాలి. ప్రతి స్పీకరుకీ వీపు మీద రెండు చిన్న ఇత్తడి కాళ్లుంటాయి, తీగలు తగిలించడానికి. వాటిలో ఒక కాలి పక్కన కంపెనీవాళ్లు ఎర్ర చుక్క పెడతారు. ఎర్ర తీగ ఎర్ర చుక్క కాలికే తగలాలి. తారుమారైతే స్పీకరు మోగుతుంది గానీ ఎదురు తిరిగి మోగుతుంది. మిగతావాళ్లు ముందుకి తోసినప్పుడు అది వెనక్కి లాక్కుంటుంది. ఇద్దరూ కలిసి మధ్యలో ఉన్న పాటని చంపేస్తారు.

దాలమ్మ బాక్సుని తిప్పి చూసింది. ఒక కాలి దగ్గర ఎర్రగా ఉంది, రెండో కాలు బోసిగా ఉంది. "ఇదేటి, ఒక కాలుకే బొట్టెట్టి ఒగ్గేసినారు?" అనుకుంది. రెండు కాళ్లకీ ఒత్తుగా పసుపు రాసింది. పసుపు కింద కంపెనీ చుక్క మునిగిపోయింది. తర్వాత బోసి కాలు దగ్గర రూపాయి బిళ్లంత కుంకం అద్దింది. అప్పటికే బొట్టున్న కాలుకి మళ్లీ ఎందుకని వదిలేసింది. రెండో బాక్సుకీ అలాగే చేసింది. ఎంత కోపమున్నా రెండింటికీ సమానంగా చేసింది, పంక్తిలో వడ్డించే మనిషి కదా.

కూర్మారావు బాక్సులు అందుకున్నాడు. ఎర్రగా కనపడిన కాలికి ఎర్ర తీగ తగిలించాడు. చివరి సీటుకి ఇటొకటి అటొకటి, వ్యాను గోడలకి బిగించాడు. నేనంతా చూశాను. అరవాలంటే నాకు తీగలోంచి మాట రావాలి. తీగలో ఏమీ లేదు.

పాట పెట్టారు. చివరి వరస కేకలు వేసింది. పుణ్యవతి సీటులోంచి లేచి రెండు చేతులూ గాల్లో ఊపింది. తవిటినాయుడు డెక్కులో ముందూ వెనకా సర్దే బొత్తాన్ని వెనక వైపుకి తిప్పాడు. నా గొంతు సగానికి సగం పడిపోయింది. దాలమ్మ అరచెయ్యి నా మీద వెతుక్కుంది. ఇంకా అదురు ఉంది, కొంచెం. ఆమె తల మరింత వంచింది.

ఆ రాత్రి గ్యారేజీలో నేను అనుభవించింది అసూయ అనే ఒక్క మాటతో చెప్పలేను. వెనకనున్న ఆ రెండూ పసుపు కుంకాలతో పెళ్లికూతుళ్లలా నిలబడి ఉన్నాయి. ఆ పసుపు రాసింది నా దాలమ్మ. వాటి రబ్బరు అంచులు చిట్లాలని, ఎలకలు కొరకాలని, ఆ వెండి బుడిపెలు రాలి రోడ్డున పడాలని కోరుకున్నాను. కొత్తొక వింత, పాతొక రోత అని మీరు తేలిగ్గా అనేస్తారు. రోత వైపు నిలబడి చూడండి, తెలుస్తుంది.

అయితే రెండు రోజుల్లోనే నా కోరిక సగం తీరింది. మధ్య వరసలో ఫిర్యాదు మొదలైంది.

"ముందరా బాగున్నాది, యెనకా బాగున్నాది, మా కాడికొచ్చీసరికి పాట పీలగా, ఖాళీ డబ్బాలా ఉంటన్నాదేటి?" అంది మధ్యలో కూర్చునే రాములమ్మ. పాటలో డప్పు కొడితే అది ముందు వినపడుతుంది, చివర వినపడుతుంది, మధ్యలో మాయమవుతుంది. నేను తోస్తే ఆ మహాతల్లులు లాక్కుంటున్నారు మరి. కుంకం మహిమ. నాకు ఎంత ఆనందమో! అందరి ముందూ వాటి పరువు పోతుందని ఎదురుచూశాను.

పోయింది నా పరువు.

సాయంత్రం మళ్లీ కూర్మారావు కొట్టు. అతను మధ్య వరసలో కూర్చుని చెవి రిక్కించి విన్నాడు. "కొత్తయ్యి కంపెనీ మాలు, వాట్లకేటీ అవదు. ముందుదే ముసిలిదైపోనాది. దాని గరాటు ఒదులైపోయి మిగతా సౌండుని పాడుసేత్తాంది" అన్నాడు. నమ్మకం కుదరకపోతే చూడమని నా తీగ పీకాడు. నేను ఆగిపోయాను. ఆ క్షణంలో మధ్య వరసలో పాట నిండుగా లేచింది. డప్పు తిరిగొచ్చింది. రాములమ్మ చప్పట్లు కొట్టింది. మళ్లీ నా తీగ తగిలించాడు, పాట చచ్చింది. పీకాడు, బతికింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఏ కోర్టులోనైనా నాకు శిక్షే పడుతుంది.

నేను దాలమ్మ వైపు చూశాను. ఆమె సీటులో కూర్చునే ఉంది, చెయ్యి నా మీదే ఉంది. ఆ చేతి కింద అదురు రెండుసార్లు ఆగిపోయింది, ఒక్కసారే తిరిగి వచ్చింది. ఏం జరుగుతోందో ఆమెకి అందరికంటే బాగా తెలిసింది. నన్ను తీసేస్తే ఇక ఆ సీట్లో ఆమెకి పాట ఉండదు. 'తియ్యకండి, నాకు ఇది లేకపోతే వినపడదు' అంటే చాలు. తవిటినాయుడు మంచివాడు, ఆగేవాడు.

"తీసెయ్యమంటావా దాలమ్మప్పా?" అని అతను అడిగాడు కూడా. ఆమెకి ఎదురుగా నిలబడి అడిగాడు కాబట్టి పెదవుల కదలిక అర్థమైంది.

దాలమ్మ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. వెనక్కి తిరిగి జట్టుని చూసింది. తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, "తీసీ. నాకేటి? పాటలకోసం బతుకుతన్నానేటి" అంది. అని చెయ్యి తీసేసుకుంది.

నేనామెని తప్పు పట్టలేను. అంటాను గానీ, పట్టాను. చాలా రోజులు పట్టాను. నన్ను మూగచేసిన బొట్టు పెట్టిందీ ఆ చెయ్యే, నా మీంచి జారిపోయిందీ ఆ చెయ్యే.

మరలు విప్పి నన్ను బయటికి లాగారు. తలుపుకి పడిన కన్నాన్ని ఒక రెక్సిన్ ముక్కతో మూసేశారు. పాత సామాను కొనేవాడికి పడెయ్యమన్నాడు కూర్మారావు. తవిటినాయుడు వినలేదు. పనికిరాని వస్తువుని పారెయ్యడానికి మీ చేతులు రావు కదా, ఎప్పటికైనా పనికొస్తుందంటారు. నన్నొక మసిగుడ్డలో చుట్టి చివరి సీటు కింద జాకీ, పానాలు ఉండే పెట్టెలో పెట్టాడు. అంటే సరిగ్గా నా శత్రువుల కాళ్ల దగ్గర. వాళ్లు పాడినప్పుడల్లా పెట్టె రేకు అదిరి నా చట్రానికి కొట్టుకునేది. పుండు మీద కారం అంటే ఇదేనని తెలిసింది.

పెట్టె మూత సరిగ్గా పడదు. సందులోంచి వ్యానంతా కనపడేది. దాలమ్మ అదే ముందు సీట్లో అదే దర్జాతో కూర్చునేది. చెయ్యి అలవాటుగా తలుపు మీద పెట్టేది, రెక్సిన్ ముక్క మీద. నా మనసు చివుక్కుమనేది. మరి కాసేపటికి, కాస్త సంతోషంగా కూడా ఉండేది. నా చోట్లో ఇంకెవరూ లేరు కదా.

ఆమె పాట మానలేదు. అదే నాకు వింత అనిపించింది. వ్యాను బయల్దేరగానే గొంతు కలిపేది. కొన్నాళ్లకి అర్థమైంది. తవిటినాయుడి పెన్‌డ్రైవ్‌లో పాటలన్నీ ఎప్పుడూ ఒకే వరసలో వస్తాయి. వ్యాను కదలగానే నాట్ల పాట, రైల్వే గేటు దగ్గర పెళ్లికూతురి పాట, తర్వాత వానపాట. ఇన్నేళ్లుగా దాలమ్మకి వరస కంఠస్థం. వెనక్కి ఒకసారి తిరిగి ఎవరి పెదవులు ఎలా కదులుతున్నాయో చూసి, అందుకునేది. ఒక్క మాట వినకుండా పాట మొత్తం పాడేది. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం, ఆమె, నేను. నేను గుడ్డలో ఉన్నా ఆ రహస్యం నాదే. దాన్ని పట్టుకునే బతికాను.

ఒక సాయంత్రం పని దిగి అందరూ ఎక్కారు. పుణ్యవతి తన ఫోనులో కొత్త పాటలున్నాయని, అవి పెట్టమని తవిటినాయుణ్ణి వేధించింది. అతను పెన్‌డ్రైవ్ పీకి ఫోను కలిపాడు. దాలమ్మ అప్పుడే ఎక్కుతూ, చీర సర్దుకుంటూ, అది చూడలేదు.

వ్యాను కదిలింది. కొత్త పాట మొదలైంది, ఏదో హుషారు పాట. వెనక పెదవులు కదలడం చూడగానే, ముందు సీట్లోంచి దాలమ్మ గొంతు లేచింది. నాట్ల పాట. పెద్ద గొంతు. కళ్లు మూసుకుని, తలుపు మీద చెయ్యి వేసుకుని, నిండుగా పాడుతోంది.

మొదట అందరూ అది వేళాకోళం అనుకున్నారు. పుణ్యవతి పాట నచ్చక మేస్త్రమ్మ పోటీకి పాడుతోందని రాములమ్మ నవ్వింది. తవిటినాయుడు పాట ఆపేశాడు. దాలమ్మ ఆపలేదు. పాటలో ఎక్కడ వాయిద్యాలే మోగుతాయో అక్కడ ఆగింది, అంతసేపూ తల ఊపింది, మళ్లీ రెండో చరణం అందుకుంది. ఒకామె "ఓలమ్మో" అంది, మెల్లగా. ఇంకెవరో చెవి చూపించి సైగ చేశారు. అయినా ఎవరూ నవ్వలేదు.

దాలమ్మ కళ్లు తెరిచింది. పక్కనున్న తవిటినాయుడు బండి నడుపుతూ తననే చూస్తున్నాడు. వెనక్కి తిరిగింది. అన్ని మొహాలూ తన వైపే. ఒక్క పెదవీ కదలడం లేదు. ఆమె గొంతు చరణం మధ్యలో ఆగింది.

ఇప్పుడేమంటుంది? ఏదో ఒకటి అరుస్తుంది, దబాయిస్తుంది, ఎవరినో తిడుతుంది అనుకున్నాను. అలా చేస్తే బాగుండునని కూడా కోరుకున్నాను. రహస్యం నా దగ్గరే ఉండిపోతుంది.

"బండాపు" అంది.

దిగింది. తలుపు మూసింది. వ్యాను పక్కనుంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. వెనక తలుపు తీసి ఎక్కి, పుణ్యవతి ముందు నిలబడింది. పుణ్యవతి భయపడింది. ఎన్ని మాటలు విసిరినా మేస్త్రమ్మ మేస్త్రమ్మే.

"ఏటప్పా?" అంది.

దాలమ్మ గొంతు నేనెన్నడూ వినని గొంతు. చిన్నగా ఉంది. "కొంచెం జరుగే గుంటా. నాకు ఈ సెవొకటే. అదీ సగమే ఇనబడతాది. బాక్సుకాడ కూకోనీ."

పుణ్యవతి చటుక్కున లేచి కిటికీ పక్క చోటు ఖాళీ చేసింది. దాలమ్మ కూర్చుంది. కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుంది, సిగ్గుపడే పిల్లలా. తవిటినాయుడు ఏమనుకున్నాడో, ఫోను తీసేసి మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టాడు. నాట్ల పాట మొదలైంది.

పుణ్యవతి ఆమెనే చూస్తోంది. ఇన్నాళ్లూ ముందు సీట్లో జమీందారులా తలుపు మీద పరిచి ఉండిన ఆ చేతిని చూసింది. ఆ పిల్లకి అప్పుడు అర్థమైందనుకుంటాను. దాలమ్మ ఎడమ చెయ్యి పట్టుకుని ఎత్తి, గోడకున్న బాక్సు మీద పెట్టింది. ఆ నల్లటి వేళ్లని ఒక్కొక్కటిగా విప్పి, జల్లెడ మీద పరిచింది. నా మీద పరిచినట్టే.

దాలమ్మ మొహం మారిపోయింది. తల వాల్చింది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మధ్య వరసలోంచి రాములమ్మ చెయ్యి చాచి ఆమె మోకాలి మీద వేసింది. 'చెవిటిమేళం' అన్న ఆ పేరు ఎవరైనా అంటారేమోనని నేను ఎదురుచూశాను. ఎవరూ అనలేదు.

పుణ్యవతి ఆమె ఎడమ చెవి దగ్గరికి వంగి, "ఎప్పట్నించప్పా ఇలగ?" అని గట్టిగా అడిగింది.

"సిన్నప్పట్నించే" అంది దాలమ్మ. బాక్సుని చేత్తో నిమురుతూ, "ఇన్నాల్లూ ఎవులికీ తెల్దే" అంది.

ఎవరికీ తెలియదట!

నేను ఆమె కాలి కిందే ఉన్నాను. సీటు కింద పెట్టెలో, మసిగుడ్డలో. నా జల్లెడ మీద ఆమె చేతి మచ్చ ఇంకా అలాగే ఉంది. నన్ను తలుపులోంచి పీకినప్పుడు కూడా నాకు ఇంత నొప్పి పుట్టలేదు. ఆ పాట పోతే పోయింది, ఆ చెయ్యి పోతే పోయింది. ఆమె రహస్యం దాచినవాళ్ల లెక్కలో కూడా నేను లేను.

పైన వ్యానంతా ఒక్క గొంతుతో పాడుతోంది. అందరికంటే ముందు దాలమ్మ. ఆమె సంతోషంగా ఉంది. నేను కూడా సంతోషించానని చెబితే మీరు నన్ను మెచ్చుకుంటారు, నాకు తెలుసు. సంతోషించలేదు. కుళ్లిపోయాను, ఏడ్చాను. తీగ లేని స్పీకరు ఎంత ఏడ్చినా, ఏ చెవికీ వినపడదు.